80 రోజులు, 5 సంస్థలు: కోడింగ్ ఇంటర్వ్యూల్లో నా అనుభవం

జనవరి 8న మొదటి దరఖాస్తు పంపాను. మార్చి 29న ఆఫర్ లెటర్ వచ్చింది. మధ్యలో గడిచిన 80 రోజుల్లో ఇంటర్వ్యూ చేసేవాళ్లతో నేరుగా మాట్లాడిన సమయమంతా కూడితే పది గంటలకు మించలేదు. మిగతా కాలమంతా చదువుకోవడంలో, ఎదురుచూడడంలో, మెయిల్ తెరిచి మూయడంలో పోయింది. ఏ రోజు ఏం జరిగిందో ఇంకా స్పష్టంగా గుర్తుంది కాబట్టి మరిచిపోకముందే రాస్తున్నాను.

నాది సర్వర్ వైపు పని, అంటే వెబ్‌సైట్ల వెనక నడిచే కోడ్ రాయడం. ఆరేళ్లుగా ఒకే సంస్థలో ఉన్నాను, అంటే ఆరేళ్లుగా ఒక్క ఇంటర్వ్యూకూ కూర్చోలేదు. రోజూ కోడ్ రాస్తూనే ఉన్నాను కదా, ఆ అలవాటే గట్టెక్కిస్తుందని నమ్మాను. ఆఫీసులో ఒక సమస్య వస్తే దాన్ని రెండు రోజులు మనసులో నానబెట్టి, పాత కోడ్ చూసి, పక్కవాళ్లను అడిగి, అప్పుడు రాస్తాం. ఇంటర్వ్యూలో ముక్కూమొహం తెలియని మనిషి ఎదుట 45 నిమిషాల్లో అదంతా అయిపోవాలి. ఈ తేడా నాకు ఒంటికి పట్టడానికి నెల పైనే పట్టింది.

మూడు వారాల్లో 31 చోట్లకు దరఖాస్తు చేశాను. 19 చోట్ల నుంచి ఈ రోజు వరకు ఉలుకూ పలుకూ లేదు. ఏడు చోట్ల నుంచి 'మీ అర్హతలు బాగున్నాయి, అయితే...' అనే మూస మెయిల్ వచ్చింది. వాటిలో ఒకటి దరఖాస్తు పంపిన ఎనిమిది నిమిషాలకే వచ్చింది. అది ఏ మనిషీ చదవలేదని తెలిసినా గుండె కలుక్కుమంది. ఫోను చేసింది అయిదు సంస్థలు. ఆ అయిదింటిలో మూడు చోట్ల నా పేరు లోపలివాళ్లకు చెప్పింది పాత సహోద్యోగులే. పరిచయస్తులను అడగడానికి రెండు వారాలు మొహమాటపడ్డాను. ఆ రెండు వారాలూ వృథా అయ్యాయనే ఇప్పటికీ బాధ.

రెజ్యూమె విషయంలో ఒక్క మాట. మొదట ప్రతి వాక్యం 'బాధ్యతలు నిర్వహించాను' అన్న ధోరణిలో ఉండేది. దాన్ని తిరగరాసి, నేను చేసిన పనులను అంకెలతో పెట్టాను. ఒక రిపోర్టు తయారయ్యే సమయం 40 సెకన్ల నుంచి 3 సెకన్లకు తగ్గించానని రాశాను. అది నిజమే. కానీ తర్వాత మూడు వేర్వేరు ఇంటర్వ్యూల్లో ఇదే వాక్యం మీద వేలు పెట్టి, 'ఎలా కొలిచారు? సగటా, అందరికంటే నెమ్మదిగా వచ్చినవాళ్ల సమయమా? డేటా ఎంత ఉన్నప్పుడు?' అని అడిగారు. మొదటిసారి తడబడ్డాను. ఆ రాత్రి పాత నోట్సు తీసి అన్నీ చూసుకున్నాను. రెజ్యూమెలో పెట్టిన ప్రతి అంకె ఒక ప్రశ్నకు ఆహ్వానమని నాకు అప్పుడే తెలిసింది.

మొదటి సంస్థ నుంచి జనవరి 17న ఫోను వచ్చింది. రిక్రూటర్, అంటే నియామకాలు చూసే ఉద్యోగి, పాతిక నిమిషాలు మాట్లాడారు. ఎందుకు మారాలనుకుంటున్నారు, ఎప్పుడు చేరగలరు, ఎంత జీతం ఆశిస్తున్నారు. మూడో ప్రశ్నకు సిద్ధంగా లేక నోటికొచ్చిన అంకె చెప్పేశాను. ఫోను పెట్టేశాక అది తక్కువని అర్థమైంది. ఆ తర్వాత ఎవరు అడిగినా 'ఈ స్థాయికి మీరు అనుకున్న పరిధి చెబితే అందులో మాట్లాడుకుందాం' అన్నాను. ఒక్కరు తప్ప అందరూ చెప్పారు.

జనవరి 21న ఆన్‌లైన్ పరీక్ష. మూడు ప్రశ్నలు, 90 నిమిషాలు. కెమెరా ఆన్‌లో ఉండాలి, కాపీ చేసి అతికించడం కుదరదు, వేరే విండోలోకి వెళితే తెర మీద హెచ్చరిక వస్తుంది. నేను మామూలుగా వాడే ఎడిటర్ కాదు కాబట్టి బ్రాకెట్లు తమంతట తాము మూసుకోవు, తప్పు పేరు రాస్తే ఎర్రగీత రాదు. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మొదటి పావుగంట దానికే పోయింది.

రెండో ప్రశ్నలో సమావేశాల ప్రారంభ, ముగింపు సమయాలు ఇచ్చి, ఒకదానిమీద ఒకటి పడే వాటిని కలిపేయమన్నారు. ప్రతి సమావేశాన్నీ మిగతా అన్నింటితో పోల్చే కోడ్ రాశాను. పైకి కనిపించే ఉదాహరణలన్నీ సరిగ్గా వచ్చాయి. సమర్పించాక దాచి ఉంచిన 15 పరీక్షల్లో ఆరు సమయం మించిపోయి విఫలమయ్యాయి. అప్పుడు మళ్లీ ప్రశ్న చదివాను. అడుగున చిన్న అక్షరాల్లో సమావేశాల సంఖ్య లక్ష దాకా ఉండవచ్చని రాసి ఉంది. లక్షను లక్షతో పోలిస్తే వెయ్యి కోట్ల పోలికలు. ప్రారంభ సమయం ప్రకారం ముందే వరుసలో పెట్టుకుంటే ఆ పని దాదాపు 17 లక్షల పోలికల్లో అయిపోతుంది, ఆ తర్వాత ఒక్కసారి వరుసగా నడిస్తే చాలు. మార్చి రాశాను, అన్నీ పాసయ్యాయి. మూడో ప్రశ్నకు సమయం చాలలేదు. పోయిందనుకున్నాను. నాలుగు రోజులకు తర్వాతి రౌండుకు పిలిచారు.

జనవరి 30 నాటి రౌండు గురించి వివరంగా చెప్పాలి. నేను గెలిచాననుకుని ఓడిపోయిన రౌండు అది.

పరిమిత స్థలం ఉన్న కాష్ రాయమన్నారు. కాష్ అంటే తరచూ అడిగే వాటిని వెంటనే ఇవ్వడానికి దగ్గర పెట్టుకునే చోటు. నిండిపోతే, చాలాకాలంగా ఎవరూ అడగని వస్తువును తీసేయాలి. తీయడం, పెట్టడం రెండూ కాష్ ఎంత పెద్దదైనా అంతే సమయంలో జరగాలి. ఈ సమస్య నాకు తెలుసు. పేరు చెబితే చోటు వెంటనే చూపే ఒక హ్యాష్ మ్యాప్, దానికి తోడు ముందూ వెనకా ఉన్నవాటితో లంకెలున్న జాబితా, అంటే లింక్డ్ లిస్ట్. ఏ వస్తువునైనా అడిగితే మ్యాప్ ద్వారా నేరుగా అక్కడికి వెళ్లి, లంకెలు విప్పి, జాబితా ముందుకు తెచ్చి కట్టాలి. ప్రశ్న చదవగానే ఊపిరి పీల్చుకుని, తల వంచుకుని రాయడం మొదలుపెట్టాను. 31 నిమిషాల్లో పూర్తయింది. జాబితా మొదట్లో, చివర్లో ఖాళీ గడులు పెట్టి, జాబితా ఖాళీగా ఉండడం లాంటి అరుదైన సందర్భాలు కూడా చూసుకున్నాను. ఇంటర్వ్యూ చేసినాయన ఇచ్చిన ఉదాహరణలన్నీ పాసయ్యాయి. 'బాగుంది. ఇలా ఎందుకు చేశారు?' అని అడిగారు. 'ఇదే సరైన పద్ధతి కాబట్టి' అన్నాను. ఇంకో రెండు ప్రశ్నలకు ముక్తసరిగా జవాబిచ్చాను. పది నిమిషాల ముందే ముగించేశారు.

కెమెరా ఆపేశాక గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను. ఉద్యోగం వచ్చినట్లే అనుకున్నాను.

పదకొండు రోజులు గడిచాయి. మూడో రోజు నుంచి ప్రతి గంటకూ మెయిల్ చూసుకునేదాన్ని. అయిదో రోజు రిక్రూటర్‌కు మర్యాదగా ఒక మెయిల్ రాస్తే 'ఇంకా చర్చిస్తున్నారు' అన్నారు. ఫిబ్రవరి 10న ఒక్క వాక్యంలో తిరస్కరణ వచ్చింది. మీటింగులో ఉన్నప్పుడు వచ్చింది. మిగతా మీటింగంతా ఎవరేం మాట్లాడారో నాకు తెలియదు. ఆ రాత్రి నా కోడ్‌ను జ్ఞాపకం మీద మళ్లీ రాసి, ఎక్కడ తప్పుందో తెల్లవారుజాము రెండింటి దాకా వెతికాను. తప్పు దొరకలేదు. దొరికి ఉంటే కొంత మనశ్శాంతి ఉండేది.

మర్నాడు కారణం అడుగుతూ మూడు వాక్యాల మెయిల్ రాశాను. నిర్ణయాన్ని ప్రశ్నించడం లేదని, తర్వాతి ప్రయత్నానికి పనికొస్తుందని మాత్రమే అడుగుతున్నానని రాశాను. చాలా సంస్థలు దీనికి జవాబివ్వవు. ఆ రిక్రూటర్ ఫిబ్రవరి 14న రెండు వాక్యాలు పంపారు. 'పరిష్కారం సరైనదే. కానీ మీ ఆలోచన ఎలా సాగిందో ఇంటర్వ్యూ చేసిన వ్యక్తి అంచనా వేయలేకపోయారు.'

చదివిన వెంటనే కోపం వచ్చింది. సరైన కోడ్ కళ్ల ముందు ఉంటే ఇంకేం కావాలి అనిపించింది. మర్నాటికి కోపం తగ్గాక ఆ 45 నిమిషాలను ఆయన వైపు నుంచి తలచుకున్నాను. నేను రాస్తున్నంతసేపూ అటువైపు నిశ్శబ్దం. ఒక్కసారి కూడా ఆయన కీబోర్డు చప్పుడు వినపడలేదు. ఇంటర్వ్యూ అయ్యాక ఆయన ఒక నివేదిక రాయాలి, దాన్ని నన్ను ఎప్పుడూ చూడని నలుగురు చదివి నిర్ణయించాలి. అందులో రాయడానికి నేను ఆయనకు ఏమీ ఇవ్వలేదు. కంఠస్థం చేసిన సమాధానం అప్పజెప్పానో, ఆలోచించి రాశానో తేల్చుకునే ఆధారం ఆయన దగ్గర లేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు నేను చాలావరకు కంఠస్థం నుంచే రాశాను.

ఈలోగా రెండో సంస్థ వ్యవహారం కూడా నడిచింది. వాళ్లు ఇంట్లో చేసి పంపే పని ఇచ్చారు. 'నాలుగు గంటలు చాలు' అని రాశారు. ఫైళ్లు చదివి, లోపాలను వేరుచేసి, లెక్కలు అందించే చిన్న సర్వీసు రాయాలి. పరీక్షలు, వివరణ పత్రం కూడా కావాలి. ఆఫీసు అయ్యాక మూడు రాత్రులు కూర్చుంటే మొత్తం 14 గంటలు పట్టింది. ఫిబ్రవరి 5న పంపాను. మూడు వారాలు చడీచప్పుడు లేదు. 26న 'ఆ స్థానం భర్తీ అయింది' అని జవాబు. నా కోడ్‌ను ఎవరైనా తెరిచారో లేదో కూడా చెప్పలేదు. ఆ 14 గంటల గురించి ఇప్పటికీ మనసు మండుతుంది. ఒక మనిషి చేత రాత్రులు పని చేయించుకున్నాక, దాన్ని చదివి రెండు ముక్కలు రాయడం కనీస మర్యాద. తర్వాత ఇంకెవరైనా అలాంటి పని ఇస్తే, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లలో చెబుతారు అని ముందే అడిగి తీసుకోవాలని నిర్ణయించుకున్నాను.

ఫిబ్రవరి 15 నుంచి మా తమ్ముడితో సాధన మొదలుపెట్టాను. వాడికి కోడింగ్ రాదు. వాడే సరైనవాడని తర్వాత తెలిసింది. తెల్లకాగితం మీద సమస్య పెట్టుకుని, పైకి మాట్లాడుతూ సాధించాలి. 20 సెకన్లు మౌనంగా ఉంటే వాడు బల్ల మీద కొట్టాలి. మొదటి రోజు అరగంటలో 14 సార్లు కొట్టాడు.

'అక్కా, నువ్వు రాసేది నాకు అర్థం కాదు. కానీ నువ్వు ఎక్కడ ఇరుక్కున్నావో తెలుస్తోంది. సరిగ్గా అక్కడే నోరు మూసేస్తున్నావు' అన్నాడు.

అది నిజం. తేలికైన చోట గలగలా మాట్లాడుతున్నాను, కష్టం రాగానే మౌనం. వినేవాడికి అసలు కావలసింది ఆ కష్టమైన చోటే. పైకి మాట్లాడుతూ ఆలోచించడం విడిగా నేర్చుకోవలసిన పని. మొదటి నాలుగు రోజులు నా వేగం సగానికి పడిపోయింది, మామూలుగా చేయని తప్పులు కూడా చేశాను. మాట ఆలోచనను తొక్కేస్తున్నట్లు ఉండేది. వారం గడిచేసరికి ఒక పద్ధతి కుదిరింది. రాసే ప్రతి గీతనూ వర్ణించడం మానేశాను. ఇప్పుడు ఏది ప్రయత్నిస్తున్నానో చెప్పడం, దాన్ని వదిలేస్తే ఎందుకు వదిలేస్తున్నానో చెప్పడం, ఆలోచించడానికి నిజంగా మౌనం కావాలంటే 'ఒక్క నిమిషం కాగితం మీద చూసుకుంటాను' అని చెప్పి తీసుకోవడం. అలా చెప్పి తీసుకున్న నిమిషం ఎవరికీ ఇబ్బంది కలిగించదు. పదో రోజున వాడు రెండే సార్లు కొట్టాడు.

నాలుగో సంస్థ ఇంటర్వ్యూ ఫిబ్రవరి 18న ఉండాలి. మొదలవడానికి పది నిమిషాల ముందు వాయిదా వేశారు, 21న మళ్లీ వేశారు. రెండుసార్లూ నేను సగం రోజు సెలవు పెట్టాను. మూడోసారి కుదిరినప్పుడు ఇంటర్వ్యూ చేసేవారు 20 నిమిషాలు ఆలస్యంగా వచ్చి, ఒక భాషలోని అంతర్గత ఫంక్షన్ల పేర్లు వరుసగా అడిగారు. ఆ రోజే అక్కడ చేరకూడదనుకున్నాను. వాళ్లూ పిలవలేదు.

మూడో సంస్థ నుంచి ఫిబ్రవరి 20న ఫోను వచ్చింది, 26న కోడింగ్ రౌండు. ఇప్పుడు నేను పని చేయబోతున్నది ఇక్కడే.

కొన్ని పనులు ఇచ్చారు. కొన్ని పనులు అయితేనే మరికొన్ని మొదలవుతాయి. అన్నీ సవ్యంగా జరిగే వరుస చెప్పాలి. దీనికి 1962లో ఆర్థర్ కాన్ ప్రచురించిన పద్ధతి ఉంది. ప్రతి పని ఎన్ని పనుల కోసం ఆగి ఉందో లెక్కపెట్టుకుని, దేనికోసమూ ఆగని వాటిని ముందు తీయాలి. ఒకటి తీసినప్పుడల్లా దాని కోసం ఆగిన వాటి లెక్క ఒకటి తగ్గుతుంది. లెక్క సున్నా అయినవి వరుసలో చేరతాయి. ఇది చెబుతూ రాశాను. నేను మాట్లాడుతుంటే అటువైపు నుంచి టకటకమని కీబోర్డు చప్పుడు. ఇంటర్వ్యూ చేస్తున్న ఆమె రాసుకుంటున్నారు. ఆ చప్పుడు వింటుంటే వచ్చిన ధైర్యాన్ని మాటల్లో చెప్పలేను.

తర్వాత ప్రశ్న కష్టమైంది. పనులు ఒకదానికోసం ఒకటి చక్రంలా ఆగిపోతే? చివర్లో మిగిలిపోయినవి ఉంటే చక్రం ఉన్నట్లే అన్నాను. 'ఆ చక్రంలో ఉన్నవి ఏవో చూపించండి' అన్నారు. మిగిలిన వాటన్నింటినీ ముద్రించాను. ఆమె నాలుగు పనులతో ఒక ఉదాహరణ ఇచ్చారు. మొదటిది అయితే రెండోది, రెండోది అయితే మూడోది, మూడోది అయితే మళ్లీ మొదటిది. వీటికి తోడు, మూడోది అయితేనే నాలుగోది. నా కోడ్ నాలుగింటినీ చూపించింది. నాలుగోది చక్రంలో లేదు, దాని వెనక ఆగి ఉందంతే.

పాత నేనైతే ఇక్కడ మూగబోయేదాన్ని. బల్ల మీద తమ్ముడి వేళ్ల చప్పుడు చెవిలో మోగింది. 'నా పద్ధతి చక్రంలో ఉన్నవాటినీ, చక్రం వల్ల ఆగిపోయినవాటినీ వేరు చేయలేదు. ఈ దారిలో ముందుకు వెళ్తే లాభం లేదు. లోతుగా వెళ్తూ, ప్రస్తుతం దారిలో ఉన్న పనులకు గుర్తు పెట్టుకుంటే, గుర్తున్న పని మళ్లీ ఎదురైనప్పుడు చక్రం దొరుకుతుంది. ఆరు నిమిషాలే ఉన్నాయి, పూర్తి చేయలేకపోవచ్చు, అయినా మొదలుపెడతాను' అన్నాను. సగం రాశాను. సమయం అయిపోయింది. మిగతా సగంలో ఏం రాయాలనుకున్నానో రెండు వాక్యాల్లో చెప్పాను.

పోయిందని నిశ్చయించుకున్నాను. కోడ్ పూర్తి కాలేదు, ఇంకేం ఆశ? రాత్రి పడుకోబోతుండగా ఇంకా తేలికైన దారి తట్టింది. మిగిలిన ప్రతి పనీ మిగిలిన ఇంకేదో పని కోసం ఆగి ఉంటుంది కాబట్టి, ఎక్కడి నుంచైనా వెనక్కి నడుస్తూ పోతే చివరకు చక్రంలోనే పడతాం. చిన్న విషయం. అప్పుడు తట్టలేదే అని దిండులో తల దాచుకుని ఏడ్చాను.

మార్చి 1న ఫోను వచ్చింది. తర్వాతి రౌండ్లకు రమ్మన్నారు. నమ్మలేక, 'నేను పూర్తి చేయలేదు కదా' అన్నాను. 'మాకు తెలుసు' అన్నారు రిక్రూటర్.

మార్చి 5న రెండు రౌండ్లు, మధ్యలో పావుగంట విరామం. మొదటిది సిస్టమ్ డిజైన్, అంటే ఒక పెద్ద సేవను ఎలా కట్టాలో వివరించడం. పొడవైన వెబ్ చిరునామాలను పొట్టి చేసే సేవ కట్టమన్నారు. వెంటనే బొమ్మలు గీయకుండా రోజుకు ఎన్ని చిరునామాలు, చదివేవాళ్లు ఎంతమంది, ఎన్నేళ్లు ఉంచాలి అని అయిదు నిమిషాలు ప్రశ్నలే అడిగాను. ఇంగ్లీషు చిన్న, పెద్ద అక్షరాలు, అంకెలు కలిపితే 62. ఏడు స్థానాలుంటే దాదాపు 3.5 లక్షల కోట్ల చిరునామాలు వస్తాయి, కాబట్టి ఏడు చాలు అన్నాను. పొట్టి చిరునామాకు వచ్చినవాళ్లను అసలు చిరునామాకు పంపడానికి 301 కోడ్ వాడతానన్నాను. అది శాశ్వతం అని చెప్పే కోడ్ కాబట్టి బ్రౌజర్ గుర్తు పెట్టుకుంటుంది, మా సర్వర్ మీద భారం తగ్గుతుంది.

'మరి ఎన్ని క్లిక్కులు వచ్చాయో ఎలా లెక్కపెడతారు?' అన్నారు ఇంటర్వ్యూ చేస్తున్నాయన.

బ్రౌజర్ గుర్తు పెట్టుకుంటే రెండోసారి నుంచి ఆ మనిషి మా సర్వర్‌కు రాడు. లెక్క రాదు. 'నేను చెప్పింది ఈ అవసరానికి తప్పు. తాత్కాలికం అని చెప్పే 302కి మారుస్తాను, అప్పుడు ప్రతి క్లిక్కూ మా దగ్గరికి వస్తుంది. భారం పెరుగుతుంది కాబట్టి ముందు ఒక కాష్ పెట్టాలి' అన్నాను. మళ్లీ కీబోర్డు చప్పుడు. తప్పు చెప్పినప్పుడు రాసుకుంటున్నారా, దిద్దుకున్నప్పుడు రాసుకుంటున్నారా అన్నది తెలియదు. కానీ ఒక సర్వర్ పడిపోతే డేటా ఎలా పంచుతారని అడిగిన చోట నా జవాబు పలచగా ఉంది. అది నాకే తెలిసింది.

విరామంలో ఇంటర్నెట్ పోయింది. రెండో రౌండుకు ఫోను హాట్‌స్పాట్ నుంచి నాలుగు నిమిషాలు ఆలస్యంగా చేరాను. చేతులు వణుకుతున్నాయి. ఆ రౌండు చేసేవారు చాలా మామూలుగా 'నీళ్లు తాగి రండి, ఆగుతాను' అన్నారు. ఆ ఒక్క మాటతో కుదుటపడ్డాను. ఇంటర్వ్యూకు ముందే హాట్‌స్పాట్ ఒకసారి కలిపి చూసుకోండి, రిక్రూటర్ ఫోను నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి. నంబరు మెయిల్లో ఉంటే, ఇంటర్నెట్ పోయినప్పుడు మెయిల్ తెరుచుకోదు.

ఆ రౌండు డేటాబేసుల మీద. కస్టమర్, తేదీ అనే రెండు గడుల మీద కలిపి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి క్రమంలో పెట్టిన సూచిక) ఉంటే, తేదీ ఒక్కటే ఇచ్చి వెతికితే వేగంగా దొరుకుతుందా అన్నారు. ఇంటిపేరు, పేరు క్రమంలో ఉన్న జాబితాలో ఇంటిపేరు తెలియకుండా పేరుతో వెతకడం లాంటిది, జాబితా క్రమం అక్కరకు రాదు అన్నాను. మిగతావి కూడా బాగానే సాగాయి.

మార్చి 12న మేనేజరుతో గంటసేపు. మీ వల్ల జరిగిన ఒక పొరపాటు చెప్పమన్నారు. డేటాబేసులో ఒక పెద్ద టేబుల్‌కు మార్పు చేయబోయి, రద్దీ సమయంలో అది 11 నిమిషాలు ఎవరూ వాడలేకుండా తాళం పడిపోయిన సంగతి చెప్పాను. 'మేము గమనించాం, మేము వెనక్కి తీశాం, మేము సరిచేశాం' అంటూ పోతున్నాను. ఆవిడ మధ్యలో ఆపి, 'మీరు మేము అంటున్నారు. మీరు చేసిందేమిటి?' అన్నారు. ఆరేళ్లుగా అలా మాట్లాడడమే సభ్యత అని అలవాటైపోయింది. నేను అనడం గొప్పలు చెప్పుకోవడంలా ఉంటుంది. కానీ ఆ రోజు తప్పు చేసింది నేను, కనిపెట్టింది నా పక్కన కూర్చునే సహోద్యోగి, వెనక్కి తీసింది నేను, మర్నాడు అలాంటి మార్పులను ముందుగా పరీక్షించే ఏర్పాటు రాసింది నేను. ఒక్కొక్కటీ విడదీసి చెప్పాను. చెబుతుంటే తప్పు కూడా నాదిగా బయటికొచ్చింది, బరువు దిగినట్లయింది.

ఆ తర్వాత 13 రోజులు. మొత్తం ప్రయాణంలో ఇవే అన్నింటికన్నా కష్టమైనవి. అయిదో సంస్థలో కూడా అప్పటికి మూడు రౌండ్లు అయ్యాయి. చివరిది మార్చి 10న. అందరూ నవ్వుతూ మాట్లాడారు, 'త్వరలో కలుద్దాం' అన్నారు. రెండు మెయిళ్లు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. కాదన్నా ఫర్వాలేదు, ఏదో ఒకటి చెప్పి ఉంటే ఆ పేజీ మూసేసేదాన్ని. ఈ రోజుల్లో ఆఫీసులో నేనేం చేస్తున్నానో ఎవరికీ చెప్పుకోలేని ఒంటరితనం కూడా తోడైంది. మొత్తం మీద ఏడుసార్లు సగం రోజు సెలవు పెట్టాను. ప్రతిసారీ 'సొంత పని' అన్నాను. రాత్రి నిద్ర నాలుగు గంటలకు పడిపోయింది. తమ్ముడు ఒకసారి నా ఫోను లాక్కుని, 'రాత్రి పది తర్వాత ఎవరూ ఆఫర్ పంపరక్కా' అని తన గదిలో పెట్టుకున్నాడు.

మార్చి 25న ఫోను. తీసుకుంటున్నామన్నారు. అయితే నేను దరఖాస్తు చేసిన స్థాయి కన్నా ఒక మెట్టు కింద. సిస్టమ్ డిజైన్ రౌండే కారణమన్నారు. డేటా పంచే చోట నా జవాబు పలచగా ఉందని నాకూ తెలుసు కాబట్టి వాదించలేదు. రెండు రోజుల గడువు అడిగాను, ఇచ్చారు. స్థాయి మారదన్నారు కానీ, ఆ స్థాయి జీతం పరిధిలో పై అంచు అడిగితే కొంత పెంచారు. అడగడానికి నోరు పెగలడానికే అరగంట పట్టింది, మాట్లాడింది మూడు నిమిషాలు. నోటిమాట మీద రాజీనామా చేయకండి. నా రాతపూర్వక ఆఫర్ 29న గానీ రాలేదు.

ఆ తర్వాత పాత వివరాల పరిశీలనకు మరో తొమ్మిది రోజులు. రెజ్యూమెలో నేను రాసిన చేరిన నెలకూ, సంస్థ రికార్డులో ఉన్న నెలకూ ఒక నెల తేడా వచ్చింది. శిక్షణ కాలాన్ని వాళ్లు వేరుగా చూపించారు. పాత నియామక పత్రం వెతికి పంపితే సరిపోయింది. అది దొరికేదాకా మళ్లీ ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నాను.

ఆఫర్ చేతికొచ్చిన రోజు రిక్రూటర్‌ను ఒకటే అడిగాను. ఫిబ్రవరి 26 నాటి రౌండు గురించి ఏం రాశారు? నివేదిక పంపడం కుదరదంటూనే ఒక్క వాక్యం చదివి వినిపించారు. 'పరిష్కారం పూర్తి కాలేదు. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో, ఆ తర్వాత ఏం చేయాలో ఆమెకు స్పష్టంగా తెలుసు.' కీబోర్డు టకటకల్లో ఆ రోజు నాకు వినపడింది ఈ వాక్యమే.

మర్నాడు, మార్చి 30న, మొదటి సంస్థ రిక్రూటర్‌కు మెయిల్ రాశాను. ఫిబ్రవరి 14న ఆమె పంపిన రెండు వాక్యాలను పైన అలాగే ఉంచి, కింద కృతజ్ఞతలు చెప్పాను. అడిగినవాళ్లందరికీ అలా జవాబు రాస్తూ ఉండమని కూడా రాశాను.